డాక్టర్ బాబు డి.ఎన్.ఏ. పరీక్ష ఎందుకు చేయించుకోలేదు?

వార్షిక సంచికకు ఒక విజ్ఞానశాస్త్ర వ్యాసం రాసివ్వమని సంపాదక మిత్రుడు అడిగినప్పుడు, నేను కృష్ణబిలాలను గురించో కృత్రిమ మేధను గురించో రాస్తానని అనుకొని ఉంటాడు. వాటిని గురించి రాయగల మిత్రులు, చెప్పగల అధ్యాపకులు మన కళాశాలలో చాలామంది ఉన్నారు. జంతుశాస్త్రం చదువుకుంటున్న నేను, నాకు తెలిసిన రవంతలో, ఒక టెలివిజన్ సీరియల్‌ను గురించి రాయదలచుకున్నాను. నవ్వదలచిన మిత్రులు ఇప్పుడే నవ్వేయవచ్చు. వ్యాసం చివరిదాకా చదివిన తర్వాత కూడా నవ్వే వస్తే, ఆ తప్పు నాది.

'కార్తీక దీపం' పేరు వినని తెలుగువారు బహుశా తక్కువ. స్టార్ మా చానెల్‌లో 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23న ముగిసిన సీరియల్ అది. పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు. మలయాళంలో 2014లో మొదలైన 'కరుత్తముత్తు' దీనికి మూలం. నల్లగా ఉన్న దీప అనే అమ్మాయిని డాక్టర్ కార్తీక్ ప్రేమించి పెళ్ళి చేసుకుంటాడు. అతన్ని కోరుకున్న మోనిత కూడా డాక్టరే. కార్తీక్‌కు పిల్లలు పుట్టే అవకాశం లేదని ఆమె దొంగ రిపోర్టు పుట్టిస్తుంది. ఆ రిపోర్టును నమ్మి, గర్భవతి అయిన భార్యను అనుమానించి అతను దూరం చేసుకుంటాడు. ఆమెకు కవలలు, ఇద్దరూ ఆడపిల్లలు. శౌర్య తల్లి దగ్గర పెరుగుతుంది. హిమ తన కూతురని తెలియకుండానే కార్తీక్ దగ్గర పెరుగుతుంది. దీప నలుగురికీ వండిపెట్టి బతుకుతూ 'వంటలక్క' అవుతుంది. ప్రేమీ విశ్వనాథ్, నిరుపమ్ పరిటాల, శోభా శెట్టి ఆ మూడు పాత్రలు వేశారు.

ఇంతే కథ. ఈ కథ మీద తెలుగునాట ఏళ్ళ తరబడి వేసిన ప్రశ్న ఒకటే: "ఆయన డాక్టరే గదా, ఒక్క డి.ఎన్.ఏ. పరీక్ష చేయించుకుంటే పోలేదా?" జోకులేశారు, బొమ్మలు గీశారు, బస్సుల్లో వాదించుకున్నారు. ఆ ప్రశ్నకు శాస్త్రం ఏమి జవాబు చెబుతుందో, ఎక్కడ దాని జవాబు అయిపోతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

మా ఇంట్లో జరిగిన వాదాలు

మాది సదుం మండలంలో ఒక పల్లె. టమేటా, వేరుశనగ, రెండు పాడి ఆవులు, అప్పుడప్పుడూ నీళ్ళిచ్చే ఒక బోరు: ఇదీ మా ఆస్తి. సీరియల్ మొదలైనప్పుడు నేను ఏడో తరగతి. రాత్రి ఏడున్నరకు మా అవ్వ టీవీ ముందర కూర్చుంటే, ఆ అరగంటా ఇంట్లో ఎవరూ అన్నం అడగడానికి వీల్లేదు. కరెంటు పోతే మరుసటి దినం తోటలో ఎవరో ఒకరు కథ చెప్పేవారు. టమేటాలు కోసి, కాయలు ఏరి, క్రేట్లకు ఎత్తే ఆడవాళ్ళ మధ్య జరిగిన విమర్శ ఏ పత్రికలోనూ అచ్చుకాలేదు గాని, అంత నిశితమైన విమర్శ నేను మరెక్కడా వినలేదు.

"పొద్దుగూకులూ పొయ్యికాడ ఉండేదానికి కొంగు మీద ఒక్క మరకా పడదంటనా?" అని ఒకామె. "రెండు బిడ్డలూ ఒకటే ఊర్లో తిరగతా ఉంటే, ఆ పోలిక చూసినోడు ఒక్కడూ లేడా?" అని ఇంకొకామె. దీప పాత్ర వేసిన నటి నిజానికి తెల్లగా ఉంటుందని, రంగు పూసి నల్లగా చూపిస్తున్నారని తెలిసిన రోజు పెద్ద రగడే అయింది. "నల్లదాని కథ చెప్పేదానికి నల్లది ఒకతె దొరకలేదా వాళ్ళకి?" అని మా చిన్నమ్మ అడిగిన మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మా నాయన సీరియల్ చూడడు. చూడడనే పేరే గాని, వాకిట్లో మంచం వేసుకొని అన్నీ వింటాడు. ఆయన పాడి రైతు. "మా ఆవుకి యా కోడె దూడ పుట్టిందో నేను చూస్తానే చెప్తా. ఆ డాక్టరు అంత చదివి బిడ్డ ముఖం చూసి కనిపెట్టలేడా?" అనేవాడు. నేను ఇంటర్ బై.పి.సి.లో చేరిన తర్వాత ఈ వాదాలన్నిటికీ నన్ను జడ్జీని చేశారు. నేనూ గొప్పగా తీర్పు చెప్పాను: "బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది లేబొరేటరీకి పంపిస్తే చాలు. నూటికి 99.99 శాతం ఖాయంగా తేలిపోతుంది. ఈ సీరియల్ అరగంటలో అయిపోతుంది."

ఆ మాట విన్నవాళ్ళలో మా వీధిలోని ఒక అక్క కూడా ఉంది. పెళ్ళయి మూడేళ్ళు. ఏడాది పాపతో పుట్టింటికి వచ్చి ఉండేది. ఎందుకు వచ్చిందో నాకు చెప్పినవాళ్ళు లేరు, నేను అడగనూ లేదు. మరుసటి దినం బిందె పట్టుకొని మా కొళాయి దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, "ఆ పరీక్ష యాడ చేస్తారు రా? ఎంతవుతాది?" అని అడిగింది. నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైన తర్వాత కూడా నేను అన్న మాట ఇది: "చేయించుకో అక్కా. తప్పు లేకపోతే భయమెందుకు?"

ఆమె బిందె నిండకుండానే ఎత్తుకొని వెళ్ళిపోయింది. అది 2021. ఆ మాటలో ఏమి తప్పుందో తెలుసుకోవడానికి నాకు రెండు మూడేళ్ళు, కొన్ని పుస్తకాలు పట్టాయి.

పరీక్ష ఎలా చేస్తారు?

ముందు శాస్త్రం చూద్దాం. పోలిక చూసి తండ్రిని చెప్పడం ఎందుకు కుదరదో పుంగనూరు ఆవును చూస్తే తెలుస్తుంది. 70 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తుండే ఈ పొట్టి జాతి మన ప్రాంతపు సొత్తు. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో దీన్ని కాపాడుతున్నారు. ఎత్తు తక్కువైనంత మాత్రాన ప్రతి ఆవూ పుంగనూరు జాతిది కాదు. సంకరం చేసిన ఆవుల్లోనూ పొట్టివి పుడతాయి. పైకి కనిపించే లక్షణం ఒకటి, లోపల నడిచే వారసత్వం ఒకటి. మా నాయన దూడను చూసి చెప్పేది కూడా, ఏ కోడెతో కట్టించాడో ముందే తెలుసు గనుకనే!

డి.ఎన్.ఏ. రాక ముందు రక్తం గ్రూపులు చూసేవారు. కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో వీటిని వివరించాడు. తల్లిది ఓ గ్రూపు, బిడ్డది బి గ్రూపు అనుకుందాం. బిడ్డకు ఆ 'బి' తండ్రి నుంచే రావాలి. తండ్రి అనుకున్నవాడిది ఏ గ్రూపు అయితే అతను తండ్రి కాడని చెప్పవచ్చు. అతనిది బి అయితే? తండ్రి కావచ్చు, అంతే. బి గ్రూపు వాళ్ళు మన మండలంలోనే వేలమంది ఉంటారు. అంటే ఈ పద్ధతి 'కాదు' అని చెప్పగలదు గాని 'అవును' అని చెప్పలేదు. 'కాదు' అనడంలో కూడా ఒక్కోసారి పొరపాటు ఉండవచ్చు. 1952లో బొంబాయిలో కనుగొన్న 'బాంబే గ్రూపు' రక్తం మామూలు పరీక్షలో ఓ గ్రూపులాగే కనిపిస్తుంది. ఆ సంగతి తెలియక లెక్క వేస్తే కన్న తండ్రే పరాయివాడవుతాడు.

డి.ఎన్.ఏ. పద్ధతి 1984లో వచ్చింది. ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ దాన్ని కనుగొన్నాడు. మన కణాల్లో 23 జతల క్రోమోజోములు. ప్రతి జతలోనూ ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. వాటి మీద కొన్నిచోట్ల నాలుగైదు అక్షరాల మాట ఒకటి, జి-ఏ-టి-ఏ, జి-ఏ-టి-ఏ అని, పాటలో పల్లవిలాగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. పరీక్ష అంటే ఆ లెక్కే.

ఉదాహరణకు ఒక చోట తల్లికి 12, 15 సార్లు ఉంది. బిడ్డకు 15, 18 ఉంది. పదిహేను తల్లిది. అయితే పద్దెనిమిది తండ్రి నుంచే రావాలి. తండ్రి అనుకున్నవాడికి 9, 18 ఉంటే కుదిరింది. 10, 11 ఉంటే కుదరలేదు. ఒక్క చోట కుదిరినంత మాత్రాన ఏమీ రుజువు కాదు. పద్దెనిమిది ఉన్నవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉంటారు. అందుకే ఇరవై దాకా చోట్ల చూస్తారు. అన్నిచోట్లా కుదిరితే అతను తండ్రి అయ్యే సంభావ్యత 99.99 శాతం దాటుతుంది. ఒక్క చోట మాత్రం తప్పితే తొందరపడి 'కాదు' అనరు. తరం మారేటప్పుడు ఆ లెక్క ఒకటి అటూ ఇటూ మారవచ్చు. దాన్ని ఉత్పరివర్తనం అంటాము. పలుచోట్ల తప్పితేనే 'కాదు' అంటారు.

ఈ చరిత్రలో మనవాళ్ళకు పెద్ద పాలు ఉంది. సీరియల్ తయారైన హైదరాబాదులోనే సి.సి.ఎం.బి. అనే పరిశోధన సంస్థ ఉంది. అక్కడ డాక్టర్ లాల్జీ సింగ్ 1988లో మన దేశపు సొంత డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని రూపొందించారు. దానికి ఆధారం ఆయన కట్లపాము జాతికి చెందిన ఒక పాము డి.ఎన్.ఏ.లో చూసిన పునరుక్తి: ఆ జి-ఏ-టి-ఏ పల్లవే! చేలో మనం చూసి పరుగెత్తే పాము బిడ్డకు తండ్రిని చూపడానికి దారి చెప్పిందంటే, శాస్త్రం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో చూడండి. కాబట్టి డాక్టర్ బాబుకు పరీక్ష దొరకకపోవడమనే సమస్యే లేదు.

ఇంకో సంగతి. అతను నమ్మిన రిపోర్టు కూడా శాస్త్రం ముందు నిలవదు. వీర్యకణాల సంఖ్య ఒకే మనిషిలో వారం వారానికీ మారుతుంది. జ్వరం వచ్చి తగ్గినా మారుతుంది. అందుకే ఒక్క పరీక్ష చూసి ఏ వైద్యుడూ తీర్పు చెప్పడు, కొంత వ్యవధి ఇచ్చి మళ్ళీ చేయిస్తాడు. వేరేచోట మళ్ళీ చేయించాలన్న ఆలోచన ఏళ్ళ తరబడి ఒక డాక్టరుకే రాకపోవడం, నా దృష్టిలో, డి.ఎన్.ఏ. కన్నా పెద్ద లోపం. ఇంతవరకు సీరియల్‌ను ఎగతాళి చేసినవాళ్ళ పక్షమే గెలిచింది.

అవ్వ మాట

అయితే మా అవ్వ ఈ పక్షంలో ఎప్పుడూ చేరలేదు. నా 99.99 శాతం విని, ఆకువక్క నములుతూ ఆమె అడిగింది: "సీతమ్మ అగ్గిలో దిగలేదంటరా? దిగి బయటికి రాలేదా? మళ్ళా అడివికి ఎందుకు పోయినాది?"

అప్పుడు ఆ మాటను నేను పట్టించుకోలేదు. పాతకాలపు మనిషి పురాణంతో శాస్త్రాన్ని కొట్టేస్తోందని అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, సీరియల్ కథకు అసలు మూలం మలయాళానికి కూడా ముందు ఉందని తోచింది. గర్భవతి అయిన భార్యను మాట పడి దూరం చేసుకోవడం, కవలలు తండ్రి ఎవరో తెలియకుండా పెరగడం, ఆ పిల్లలే తల్లిదండ్రులను కలపాలని చూడడం: ఇది ఉత్తర రామాయణమే. 1963లో వచ్చిన 'లవకుశ' సినిమాకు బండ్లు కట్టుకొని పోయిన తరం మనుమరాళ్ళే ఈ సీరియల్ చూశారు. దీప ఎవరో మా అవ్వ మొదటి వారంలోనే గుర్తుపట్టింది. మేము లోపాలు ఏరుతున్నాము. ఆమె తనకు తెలిసిన కథను మళ్ళీ చూస్తోంది.

అవ్వ ప్రశ్నను శాస్త్రం భాషలో చెబితే ఇలా ఉంటుంది. డి.ఎన్.ఏ. పరీక్ష ఒకే ఒక ప్రశ్నకు జవాబు చెబుతుంది: ఈ బిడ్డ ఈ మనిషికి పుట్టిందా? ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో అది చెప్పదు. జవాబు వచ్చిన తర్వాత అడిగినవాడు ఎలా నడుచుకుంటాడో చెప్పదు. అనుమానం ఒక రిపోర్టుతో వస్తే ఇంకో రిపోర్టుతో పోవచ్చు. అనుమానం మనిషిలోనే ఉంటే, రిపోర్టు మార్చారని అంటాడు, లేకపోతే రేపు ఇంకో పేరు ఎత్తుతాడు. 'తప్పు లేకపోతే భయమెందుకు' అనేవాళ్ళు మరిచేది ఇదే. పరీక్షలో నెగ్గిన ఆడమనిషికి దక్కేది అంతకు ముందు రోజు ఉండాల్సిన స్థానమే, అదైనా దక్కితే! ఓడించాలని చూసినవాడికి మాత్రం పోయేది ఏమీ లేదు. ఈ సంగతి టమేటాలు ఏరే ఆడవాళ్ళకు తెలుసు. అందుకే వాళ్ళు కొంగు మీద మరక లేదని నవ్వారు గాని, దీప బాధ అబద్ధమని ఒక్కరూ అనలేదు.

2022 మార్చిలో కార్తీక్, దీప కారు ప్రమాదంలో చనిపోయినట్టు చూపించి, పెద్దవాళ్ళయిన శౌర్య, హిమలతో కథ నడిపారు. మా వీధిలో చూసేవాళ్ళు తగ్గిపోయారు. ఆ ఏడాదిలోనే దీపను బతికించి తీసుకువచ్చారు. లోయలో పడిన కారులోంచి మనిషి ఎట్లా బతికిందని ఆ రోజు ఎవ్వరూ అడగలేదు. వాస్తవికత అంటే జనం లెక్క వేరే!

చట్టం ఏమంటోంది?

పరీక్ష ఎవరు ఎవరిని అడగవచ్చు అన్నది చట్టం చూసే విషయం. ఇక్కడ నేను నేర్చుకున్నది నన్ను ఆశ్చర్యపరిచింది. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో 112వ సెక్షను ఒకటి ఉండేది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అదే 116వ సెక్షను అయింది. దాని సారాంశం: చెల్లుబాటయ్యే వివాహం నడుస్తుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. వివాహం రద్దయిన తర్వాత తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా 280 రోజులలోపు పుట్టినా అంతే. కాదనేవాడు, బిడ్డ కడుపున పడే కాలంలో భార్యాభర్తలు కలుసుకునే అవకాశమే లేదని రుజువు చేయాలి. రుజువు భారం అనుమానించినవాడి మీదే ఉంది, తల్లి మీద లేదు.

1993లో సుప్రీంకోర్టు, అడిగినంత మాత్రాన రక్తపరీక్షకు ఆదేశించకూడదని, రక్తం ఇమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదని చెప్పింది. 2014లో, నమ్మదగిన డి.ఎన్.ఏ. ఫలితం కోర్టు ముందు ఉన్నప్పుడు పాత చట్టపు ఊహ కన్నా శాస్త్రానికే విలువ ఇవ్వాలని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో, భార్యాభర్తల తగాదాలో బిడ్డను పావుగా చేసి మామూలుగా పరీక్షకు పంపకూడదని, బిడ్డకూ తన హక్కు ఉందని చెప్పింది. ఈ మూడు మాటలూ ఒకదానికొకటి విరుద్ధమని మొదట అనుకున్నాను. కాదు. ఫలితం వస్తే గౌరవించండి, కాని ఊరికే అడగకండి అని వాటి అర్థం.

ఇంకొక్క చరిత్ర. జెఫ్రీస్ పద్ధతిని మొట్టమొదట, 1985లో, ఒక కుటుంబం విషయంలో వాడారు. ఘానా నుంచి ఇంగ్లండుకు తిరిగి వచ్చిన ఒక అబ్బాయి నిజంగా ఆ తల్లి కొడుకేనా అని అధికారులు అనుమానించారు. అవునని పరీక్ష చెప్పింది. అబ్బాయి తల్లి దగ్గరే ఉండిపోయాడు. బిడ్డను ఇంట్లోంచి పంపడానికి గాక, ఇంట్లో ఉంచడానికి పుట్టిన పని అది. ఆ సంగతి చదివినప్పుడు మా కొళాయి, నిండని బిందె గుర్తుకు వచ్చాయి.

మొన్న సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆ అక్క తోటలో కనిపించింది. ఇప్పుడు కుట్టుమిషను పెట్టుకుంది, సీజనులో కాయలు ఏరడానికి వస్తుంది. పాప బడికి పోతోంది. పరీక్ష చేయించుకుందో లేదో నేను అడగలేదు. గట్టు మీద కూర్చొని, "అక్కా, ఆ పొద్దు నేను తెలీక మాట్లాడినాను" అని, పైన రాసిన చట్టం సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు టమేటా తొడిమ గిల్లుతూ కూర్చుంది.

"అంటే, నేను రుజువు చేసుకోవాల్సిన పనే లేదని రాసిపెట్టినారా?" అంది.

"ఎప్పుడో రాసినారక్కా. మా అవ్వకు అవ్వ పుట్టకముందే."

"నాకు ఎవురూ చెప్పలేదే" అని, క్రేటు ఎత్తుకొని వెళ్ళిపోయింది.

మిత్రులారా, డాక్టర్ బాబు పరీక్ష ఎందుకు చేయించుకోలేదన్న ప్రశ్నకు సులువైన జవాబు, చేయించుకుంటే సీరియల్ అయిపోతుందని. అది నిజమే. కాని మన హాస్టల్ టీవీ గదిలో ఈసారి ఎవరైనా ఆ జోకు వేస్తే, వినేవాళ్ళలో ఎవరున్నారో ఒకసారి చూసుకోండి. నేను ఆ రోజు చూసుకోలేదు. చట్టంలో రాసిన మాట తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెబుతారనే ఆశతో ఇది రాశాను. శాస్త్ర విషయాల్లో పొరపాట్లు ఉంటే అధ్యాపకులు దిద్దవలసిందిగా కోరుతున్నాను. తక్కినదంతా మా అవ్వదే, దిద్దడానికేమీ లేదు.